ఆ గొంతు మా చిన్నాయనది

మా చిన్నాయన పోయినాడని అన్న ఫోన్ చేసినప్పుడు నేను కుప్పంలో మా ఇంట్లో బియ్యం కడుగుతా ఉన్నాను. "ఏమ్మే, చిన్నాయన..." అని ఆగిపోయినాడు అన్న. ఏమైందని ఎన్నిసార్లు అడిగినా ఇంకో మాట రాలేదు. వెనకాల మా చిన్నమ్మ ఏడుపు వినబడింది. అన్న చెప్పలేని మాట అదే చెప్పింది. బియ్యం అట్లనే వదిలేసి, పిల్లల్ని పక్కింట్లో పెట్టి, దొరికిన బస్సెక్కినాను.

కృష్ణగిరిలో బస్సు మారి పాలకోడు చేరేదాకా ఒకటే పని పెట్టుకున్నాను. ఆయన గొంతు గుర్తు చేసుకోవాలని. ఇంట్లో నాతో మాట్లాడే గొంతు. ఎంత తలుచుకున్నా అది రాలేదు. మైకులో గొంతే వచ్చింది. గణగణమని, ఊరంతా వినిపించే గొంతు. కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంటే ఎవరో చెవి పక్కన స్పీకరు పెట్టినట్టు. బాధకంటే ముందు నాకు భయం వేసింది.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. మాది తమిళనాడులో పాలకోడు నుంచి మారండహళ్ళి పోయే దారిలో, రోడ్డు దిగి వంక దాటితే వచ్చే చిన్న ఊరు. ఊరంతా తెలుగోళ్ళమే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చదువు కూడా తమిళమే. ఈ తెలుగు అక్షరాలు నేను కుప్పానికి కోడలిగా వచ్చినాక, నా పిల్లలు పలక పట్టినప్పుడు వాళ్ళతో కూర్చొని నేర్చుకున్నవి. చిన్నాయనకు తెలుగు చదవను రాదు. నేను రాసేది ఎప్పుడూ ఆయన చదవలేడు, చదివి వినిపించాల్సిందే. ఇప్పుడు ఎవరికి వినిపించేది అని మీకు రాస్తా ఉన్నాను.

పాలకోడులో ఆయనకు ఒక సౌండ్ సర్వీసు ఉండేది. చిన్న గది. గోడకు తగిలించిన గొట్టం స్పీకర్లు, నేలమీద బ్యాటరీలు, రెండు యాంప్లిఫయర్లు. పెళ్ళిళ్ళకు పాటలు పెట్టేది, జాతరకు మైకు కట్టేది, ఎవరన్నా చనిపోతే ఆటోలో చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి చెప్పేది, అన్నీ ఆయనే. సామాను అద్దెకిచ్చే షాపులు ఇంకా ఉండేవి. కానీ గొంతు కావాలంటే అందరూ మా చిన్నాయన దగ్గరికే వచ్చేవాళ్ళు. "అన్బార్న్ద పెరియోర్‌గళే, తాయ్‌మార్‌గళే" అని తమిళంలో పెద్దల్ని, తల్లుల్ని పిలిచి మొదలుపెడితే పొలంలో వంగినవాళ్ళు నడుమెత్తి చూసేవాళ్ళు. మా తెలుగు ఊళ్ళు వస్తే తెలుగులోకి దిగేవాడు. మైకును అందరిలాగా ఊది చూసేవాడు కాదు. గోటితో ఒకసారి తట్టి, ఎదురుగా ఏ ముసలమ్మ కనబడితే ఆమెను అడిగేవాడు. "వినిపిస్తా ఉండాదా అవ్వా?" ఆమె తల ఊపితేనే మొదలు.

ఇంట్లో మాత్రం ఆయన మాట్లాడేది పక్కనున్నవాళ్ళకు కూడా సరిగ్గా వినిపించదు. ఒక గదిలో నుంచి ఇంకో గదికి ఎవరినీ పిలిచేవాడు కాదు. లేచి వచ్చి, దగ్గర నిలబడి, చెప్పాల్సింది మెల్లిగా చెప్పిపోయేవాడు. "ఊరికంతా వినిపించే మనిషి, నాకు ఉప్పు తక్కువైందని చెప్పినా వినబడదు" అని చిన్నమ్మ విసుక్కునేది. ఆయన నవ్వి ఇంకా మెల్లిగా ఏదో అనేవాడు. పొద్దున్నే మిరియాలు, తాటిబెల్లం దంచి ఉండ చేసి దవడకు పెట్టుకునేవాడు. నాకూ ఒక చిన్న ఉండ ఇచ్చేవాడు, నాకేమీ గొంతు అవసరం లేకపోయినా.

ఎలక్షన్లు వస్తే ఆయనకు ఇంట్లో అన్నం తినే తీరిక ఉండేది కాదు. ఒకసారి సెలవుల్లో నన్ను కూడా ఆటోలో ఎక్కించుకున్నాడు. బ్యాటరీకి, యాంప్లిఫయరుకు మధ్య ఇరుక్కొని కూర్చున్నాను. పొద్దున ఒక పార్టీ జెండా. మధ్యాహ్నం దాన్ని మడిచి సీటు కింద పెట్టి ఇంకో పార్టీ జెండా కట్టినాడు. అదే దారి, అవే ఇళ్ళు.

"చిన్నాయనా, పొద్దున ఆయనకు వెయ్యండి అంటివి. ఇప్పుడు ఈయనకు వెయ్యండి అంటా ఉండావే?"

"పాపా, పోస్ట్‌మ్యాను మనింటికి ఉత్తరం తెచ్చిస్తాడు. ఆ ఉత్తరం ఆయన రాసిందా?" అన్నాడు. "గొంతు నాది. మాట వాళ్ళది. అంతే."

అప్పుడది నాకు చాలా గొప్ప మాటగా తోచింది. ఆయనకు కూడా చాలా ఏళ్ళు ఆ మాట సరిపోయింది.

ఎలక్షన్ ఖర్చు సంగతి ఇంట్లో నవ్వు పుట్టించే కథలాగా చెప్పేవాడు. ఒక అభ్యర్థి ఇంత ఖర్చు పెట్టవచ్చు అని ఒక హద్దు ఉంటుంది కదా. దానికోసం చిన్నాయన షాపు నుంచి రెండు ఆటోలకు బిల్లు తీసుకునేవాళ్ళు. రోడ్డు మీద తిరిగేది ఏడు. ఖర్చు చూసే ఆఫీసర్లు వీడియో కెమెరాతో వస్తున్నారని ఫోన్ వస్తే, ఆ ఐదు ఆటోలు జెండాలు దించుకొని చింతతోపుల్లోకి దూరేవి. వాళ్ళు పోయినాక మళ్ళీ బయటికి. "నా ఆటోల్లో ఐదు దయ్యాలు ఉండాయి" అనేవాడు. "లెక్కలో లేవు, రోడ్డు మీద మాత్రం తిరగతా ఉండాయి." మేము పడి పడి నవ్వేవాళ్ళం. ఆ దయ్యాల ఆటోలకు డీజిలు ఎవరు పోస్తున్నారని మాలో ఎవరమూ అడగలేదు.

మా ఊరి కష్టమంతా ఆ వంకతోనే. ఎండాకాలం దాంట్లో మేకలు పడుకుంటాయి. వాన కురిసిందంటే మోకాటి దాకా, ఒక్కోసారి నడుము దాకా నీళ్ళు. టమాటా బాక్సులు నెత్తిన పెట్టుకొని దాటాలి. దాటలేకపోతే కాయ తోటలోనే కుళ్ళిపోతుంది. చిన్నమ్మకు మొదటి కాన్పు నొప్పులు వచ్చిన రోజు వంక పారుతా ఉండింది. మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకొని దాటించినారు. ధర్మపురి పెద్దాసుపత్రికి చేరేటప్పటికి ఆలస్యమైంది. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత వాళ్ళకు పిల్లలు పుట్టలేదు. ఆ సంగతి వాళ్ళిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోగా నేను వినలేదు. కానీ వాన పడినప్పుడల్లా చిన్నాయన గడపలో నిలబడి వంక వైపే చూస్తా ఉండేవాడు.

వంతెన కడతామని ప్రతి ఎలక్షన్‌లో చెప్పినారు. చెప్పింది చాలావరకు చిన్నాయన గొంతుతోనే. ఒకసారి ఊరోళ్ళకు విసుగు పుట్టి, ఓట్లు వేసేది లేదని ప్రతి ఇంటికీ నల్ల జెండా కట్టినారు. ప్రచారానికి వచ్చిన బండ్లను వంక దగ్గరే ఆపి వెనక్కి పంపించినారు.

ఆ ఏడు నిలబడిన ఒకాయన్ను అందరూ కంట్రాక్టరు అనే పిలిచేవాళ్ళు. రోడ్లు, నీళ్ళ ట్యాంకులు, బడి గోడలు, ఆ చుట్టుపక్కల ఏం కట్టినా ఆయన చేతి మీదే. అంతకుముందు నిలబడినవాళ్ళ వెనక డబ్బు పెట్టింది ఆయనే అని అందరికీ తెలుసు. ఈసారి తానే నిలబడినాడు. ఒక సాయంత్రం చిన్నాయన షాపుకు వచ్చి బ్యాటరీ పెట్టె మీద కూర్చున్నాడట.

"మీ ఊరోళ్ళు నా మాట వినరప్పా. నీ మాట వింటారు."

"వాళ్ళు ఎవరి మాటా వినే తావున లేరండి" అన్నాడు చిన్నాయన. చేతిలో వైరు కింద పెట్టి అడిగినాడు. "నిజంగానే కడతారా?"

"నా బిడ్డల మీద ఒట్టు. రేపే మట్టి చూసే మిషను పంపిస్తా."

మిషను వచ్చింది. వంకలో గుంత తోడి మట్టి తీసినారు. చిన్నాయన షాపు మూసి రోజంతా ఆ ఒడ్డున కూర్చున్నాడు. చిన్నమ్మ అన్నం అక్కడికే తీసుకుపోయింది. "అప్పటికే నమ్మేసినాడు" అని ఆమె తర్వాత నాతో అన్నది. "నాకోసం నమ్మినాడు."

మరుసటి రోజు ఆటో మా ఊళ్ళోకి వచ్చింది. చిన్నాయన ఉన్నాడని ఎవరూ అడ్డం పోలేదు. వాళ్ళు రాసిచ్చిన కాగితం సగం చదివి, మడిచి జేబులో పెట్టుకొని, తెలుగులో మాట్లాడినాడు. "ఇది వాళ్ళు రాసిచ్చింది కాదు. నేను చెప్తా ఉండాను. ఈసారి బ్రిడ్జి వస్తుంది. నా మాట నమ్మండి." కంట్రాక్టరు మనుషులు అదంతా ఫోన్లలో రికార్డు చేసుకున్నారు. పొద్దు గూకేలోపల నల్ల జెండాలు దిగిపోయినాయి. ఇంటింటికీ దుడ్డు పెట్టిన కవర్లు కూడా వచ్చినాయి. అందరూ తీసుకున్నారు. మా ఇంట్లో కూడా.

మీరు నమ్ముతారో లేదో, వంతెన నిజంగానే వచ్చింది. రిబ్బను కట్టినారు, కొబ్బరికాయ కొట్టినారు. టమాటా వ్యాన్లు తోటల దాకా రావడం మొదలుపెట్టినాయి. చిన్నాయన సాయంత్రాలు పోయి ఆ వంతెన పిట్టగోడ మీద కూర్చునేవాడు. దారిన పోయేవాళ్ళు "నీ బ్రిడ్జి బాగుండాది అన్నా" అని ఎగతాళిగానూ ప్రేమగానూ అనేవాళ్ళు. ఆయన సిగ్గుపడి కిందికి చూసేవాడు. ఆయన జీవితంలో అంత సంతోషంగా ఉన్న కాలం నాకు ఇంకొకటి తెలియదు.

అది ఎక్కువ కాలం నిలవలేదు. ఒక ఏడు పెద్ద వానలు పడినాయి. మా పక్కింటి పాలన్న, ఊరి పాలన్నీ క్యాన్లలో పోసుకొని సొసైటీకి తీసుకుపోయేవాడు, తెల్లవారుతా ఉండగా మోపెడ్ మీద వంతెన ఎక్కినాడు. నడిమి భాగం ఆయనతో సహా వంకలో పడింది. మధ్యాహ్నానికి కింద తుంగలో చిక్కుకొని దొరికినాడు. క్యాన్లు ఇంకా కిందికి పోయినాయి.

మా ఊళ్ళో సగం మంది బెంగళూరులో కట్టడం పనికి పోయేవాళ్ళే. విరిగిన చోటికి పోయి ఒకసారి చూసినారు. ఇనుప కమ్మీలు ఉండాల్సిన చోట సగం లేవు. ఉన్నవి సన్నవి. సిమెంటు చేత్తో నలిపితే రాలింది. ఒకరి మొహం ఒకరు చూసుకొని వచ్చేసినారు.

నేను ఆ చావుకు వచ్చి ఉన్నాను. చావు చెప్పేది చిన్నాయన పని కదా. అన్న ఆటో నడిపినాడు, చిన్నాయన వెనక కూర్చున్నాడు. పాలన్న పేరు, తండ్రి పేరు, శవం ఎప్పుడు ఎత్తేది, అంతా ఎప్పటిలాగానే చెప్పుకుంటా పోయినాడు. నేను, చిన్నమ్మ ఇంటి ముందర నిలబడి ఉన్నాము. ఊళ్ళు తిరిగి ఆటో వెనక్కి వస్తా ఉంది. పొలాల మీదుగా గొంతు వినబడతా ఉంది. ఉన్నట్టుండి ఆగింది. మైకు ఆగలేదు, గుయ్‌మనే శబ్దం వస్తానే ఉంది. గొంతే ఆగింది. ఆ తర్వాత తెలుగులో వచ్చింది.

"ఎలక్షనప్పుడు నా ఆటోలు ఏడు తిరిగినాయి. లెక్కలో రెండు. తక్కిన ఐదిటికి దుడ్డు ఎక్కడినుంచి వస్తుందని నేను అడగలేదు. పొద్దున వంకలో చూసినాను. ఆ ఖర్చంతా ఆయన ఈ బ్రిడ్జిలో తీసుకున్నాడు. దీంట్లో వెయ్యని కమ్మీలే నా ఆటోలు. మిమ్మల్ని నమ్మమని చెప్పింది ఈ గొంతే. ఈ సావు నా గొంతు మీద ఉండాది."

చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్ళు దిగిన గుర్తు చాలాసేపు పోలేదు.

ఊరు రగులుకుంటుందని అనుకున్నాము. అట్లా ఏమీ జరగలేదు. వానకు వంక పొంగితే, వద్దన్నా వినకుండా పోయినాడని ఒక మాట పుట్టింది. ఎవరు పుట్టించినారో తెలియదు, కానీ అందరి నోటా అదే. కంట్రాక్టరు మనుషులు పాలన్న ఇంటికి వచ్చి, ఆయన భార్యకు బడిలో పిల్లలకు వండిపెట్టే పని ఇప్పిస్తామని, నష్టపరిహారం కూడా తెప్పిస్తామని చెప్పిపోయినారు. అన్న అర్జీ రాయించుకొని పోదామని ఇల్లిల్లూ తిరిగినాడు. ఒక పెద్దాయన అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "పోయి ఏమని చెప్తాం రా? దుడ్డు తీసుకోని ఓటేసినాం, బ్రిడ్జి పడిపోయింది అనా? వాళ్ళు నవ్వరా?" అన్న తిరిగి ఇంటికి వచ్చేసినాడు. మా ఇంట్లోనూ కవరు తీసుకున్నాం కదా.

తర్వాత పాలన్న భార్య మా చిన్నాయన దగ్గరికి వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు.

"బావా, మైకులో ఇంక వద్దు. నాకు ఇద్దరు ఆడబిడ్డలు ఉండారు."

"సరేమ్మా" అన్నాడు చిన్నాయన. అంతే అన్నాడు. ఆమె పోయినాక చిన్నమ్మ ఏదో అనబోతే అడ్డుపడినాడు. "ఆమెను ఏమీ అనొద్దు. ఆమె అడిగింది న్యాయమే." ఆ తర్వాత కూడా ఎవరన్నా ఆమెను ఒక మాట అంటే లేచి వెళ్ళిపోయేవాడు.

మళ్ళీ వాగ్దానం అనే మాట మైకులో ఎత్తలేదు. పార్టీలవాళ్ళు పిలవలేదు, పిలిచినా పోయేవాడు కాదు. జాతర కమిటీల్లో కంట్రాక్టరు మనుషులే, కాబట్టి అదీ పోయింది. పెళ్ళికి పిలిస్తే వేరే షాపుకు పంపించేవాడు. చావు చెప్పే పని ఒకటే మిగుల్చుకున్నాడు. ఎందుకని నేను అడిగినాను.

"చావులో అబద్ధం ఉండదు పాపా" అన్నాడు. "పోయినాడని చెప్తే పోయినట్టే. ఎవరూ వచ్చి, నువ్వు చెప్పినావు, జరగలేదే అని అడగరు."

ఆ పని ఇంకా శ్రద్ధగా చేసేవాడు. పోయిన మనిషి ఇంటికి ముందుగా పోయి, కాసేపు కూర్చొని, ఏం పని చేసేవాడు, ఊళ్ళో ఏమని పిలిచేవాళ్ళు, అన్నీ అడిగి తెలుసుకొని అప్పుడు ఆటో ఎక్కేవాడు. మైకులో ఒక్కో మనిషి గురించి ఒక్క మంచి మాట చెప్పేవాడు. బావి తవ్వితే నీళ్ళు పడే చోటు చూపించిన మనిషి అని, పిల్లలకు జ్వరం వస్తే రాత్రనక పగలనక తోడు కూర్చున్న అమ్మ అని. అవన్నీ నిజమైన మాటలు. కొన్నేళ్ళకు ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆయన గొంతంటే చావు కబురే అయిపోయింది. మొదటి మాట చెవిన పడగానే ఆడవాళ్ళు చేటలు కింద పెట్టి రోడ్డు మీదికి వచ్చేవాళ్ళు. ఎవరు, ఎవరు అని.

ఈసారి ఎలక్షన్లు వచ్చినాయి. కంట్రాక్టరు జెండా మార్చి మళ్ళీ నిలబడినాడు. కొత్త బ్రిడ్జి కట్టిస్తానన్నాడు. ఒకరోజు చిన్నమ్మ ఫోన్ చేసి, నవ్వుతా మొదలుపెట్టింది. "పాపా, పొద్దున మీ చిన్నాయన గొంతు రోడ్డు మీద వినబడింది. ఆడోళ్ళంతా ఉరికి వచ్చి ఎవరు పోయినారని అడిగితే, ఎలక్షన్ ఆటో!" ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "ఆయన అప్పుడు ఇంట్లోనే ఉండినాడు పాపా. నా పక్కనే కూర్చోని కాఫీ తాగతా ఉండినాడు."

ఆ రోజు ఫోన్లలో రికార్డు చేసుకున్నది కంట్రాక్టరు మనుషులు దాచిపెట్టుకున్నారు. నా మాట నమ్మండి అన్నది అట్లనే ఉంది. దానితో పోయిందనుకుంటే, ఇంకా ఉంది. మారండహళ్ళికి కాలేజీ వస్తుందని, పక్క ఊరికి ఆస్పత్రి వస్తుందని ఆ గొంతు చెప్తా ఉంది. అవి చిన్నాయన ఎన్నడూ అనని మాటలు. ఆయన గొంతును కంప్యూటరులో పెట్టి కొత్త మాటలు చేసినారని అన్న చెప్పినాడు. ఆ ఊపిరి, ఆ ఆగడం, అవ్వల్ని పలకరించే ఆ తీరు, అన్నీ ఆయనవే. చిన్నాయన గడపలో నిలబడి చివరిదాకా విని, లోపలికి వచ్చి చిన్నమ్మను అడిగినాడట.

"నేను ఎప్పుడన్నా ఆస్పత్రి గురించి చెప్పినానా?"

"లేదు."

"బాగా గుర్తు చేసుకో. చెప్పినానేమో."

ప్రచారం ఆఫీసుకు పోయి, అది తీసెయ్యమని అడిగినాడు. అక్కడ కూర్చున్నాయన మర్యాదగానే కుర్చీ వేసినాడట. "పెద్దాయనా, ఆ రోజు మీరు కూలి తీసుకున్నారు కదా. మళ్ళీ ఇప్పుడేంది? మీరు కష్టపడాల్సిన పని కూడా లేదు. ఇంట్లో పడుకోండి. మీ గొంతే ఊళ్ళన్నీ తిరిగి వస్తుంది."

ఎలక్షన్ సమయంలో పర్మిషన్ లేకుండా మైకు పెట్టకూడదు. ఆయన పెట్టలేదు. టీవీఎస్ మోపెడ్ మీద ఆ ఆటో పోయిన దారినే వెనకాల పోయి, ఊరూరా నిలబడి, ఉత్త నోటితో అరిచి చెప్పినాడు. అది నేను కాదు, నేను చెప్పలేదు అని. ఇంట్లో ఉప్పు తక్కువైందని కూడా గట్టిగా అనని మనిషి. ఒక ఊళ్ళో కుర్రాళ్ళు ఫోన్లలో తీసుకొని నవ్వినారు. ఇంకో ఊళ్ళో ఒకామె, "పొద్దున నువ్వే వచ్చి చెప్తివి, ఇప్పుడు నువ్వే కాదంటావు. ఇంట్లో పనుంది, పో నాయనా" అన్నది. ఆమె కోపంగా కూడా అనలేదట. అదే ఆయనను ఎక్కువ బాధపెట్టింది. ఇదివరకు అబద్ధం చెప్తే తిట్టేవాళ్ళు, ఇప్పుడు నిజం చెప్పినా అబద్ధం చెప్పినా వాళ్ళకు ఒకటే అయిపోయింది, అన్నాడట చిన్నమ్మతో.

నాతో చివరిసారి ఫోన్‌లో మాట్లాడినప్పుడు గొంతు పూర్తిగా పోయింది. గాలి మాత్రమే వస్తా ఉంది. మిరియాల ఉండ పెట్టుకో చిన్నాయనా అన్నాను. "పాపా, నా మాట వాళ్ళ దగ్గర ఉండాది. నా దగ్గర లేదు" అన్నాడు. రెండు రోజుల్లో వస్తాను అన్నాను. మరుసటి రోజు మధ్యాహ్నం మోపెడ్ దిగి, వేడినీళ్ళు అడిగి, చిన్నమ్మ తెచ్చేలోపల చాప మీద పడుకున్నాడు. ఆమె నీళ్ళ చెంబుతో వచ్చి, నిద్రపోతున్నాడని లేపలేదు. అరుగు మీద కూర్చొని నీళ్ళు చల్లారేదాకా కాచుకుంది.

ఆయన చావును చెప్పడానికి పాలకోడు నుంచి ఆటో పిలిపిద్దామని అన్న అన్నాడు. చిన్నమ్మ వద్దన్నది. వచ్చినవాళ్ళు ఆ నోటా ఈ నోటా విని నడుచుకుంటా వచ్చినారు. పాలన్న భార్య వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఎత్తేదాకా లేవలేదు.

ఇది రాసేటప్పటికి ఓట్లు ఇంకా పడలేదు. కవర్లు మాత్రం వచ్చినాయి. కొందరు తీసుకున్నారు, ఇది కూడా వద్దంటే ఇంకేం మిగులుతుందని. కొందరు చావు ఇంటి వీధి అని గడప దగ్గర నుంచే తిప్పి పంపినారు. ఎవరినీ తప్పు పట్టాలని నాకు లేదు.

మూడో రోజు శ్మశానంలో పాలు పోసి వచ్చి, దగ్గరివాళ్ళమంతా భోజనాలకు కూర్చున్నాము. చిన్నమ్మ వద్దన్నా వినకుండా తానే వడ్డిస్తా ఉంది. అప్పుడు రోడ్డు వైపు నుంచి వచ్చింది ఆ గొంతు. పెద్దల్ని, తల్లుల్ని పిలుస్తా. విస్తళ్ళ ముందు చేతులన్నీ ఆగిపోయినాయి. ఒక ముసలాయన ఎంగిలి చేత్తోనే లేచి నిలబడినాడు. అన్న బయటికి ఉరికి ఆటోకు అడ్డంగా నిలబడినాడు. వెనకాలే మేమూ పోయినాము.

డ్రైవరు హోసూరు వైపు నుంచి కూలికి వచ్చిన నడివయసు మనిషి. ఇంటి ముందర జనాన్ని, పందిరిని చూసి గాబరాపడి స్విచ్చి మీద చెయ్యి పెట్టినాడు.

"ఆపొద్దప్పా" అన్నది చిన్నమ్మ.

ఎప్పుడు వచ్చిందో మా వెనక నిలబడి ఉంది. మమ్మల్ని తప్పించుకొని ముందుకు పోయింది. "చిన్నమ్మా, వద్దు" అని అన్న చెయ్యి పట్టబోతే విడిపించుకుంది. ఆటో పక్కన నిలబడి, పైన కట్టిన స్పీకరు గొట్టం మీద అరచెయ్యి ఆనించింది. బ్రిడ్జి వస్తుందని చెప్పింది ఆ గొంతు. కాలేజీ వస్తుందని, ఆస్పత్రి వస్తుందని. నా మాట నమ్మండి అని. ఆమె చెయ్యి గొట్టంతో పాటు సన్నగా అదురుతా ఉంది. వినేటప్పుడు ఆమె మొహం, మెల్లిగా చెప్పిన మాట పట్టుకోవాలని చూసే మనిషి మొహంలాగా ఉండింది.

గొంతు ఆగింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా" అన్నాడు డ్రైవరు. "మళ్ళీ మొదటినుంచి వస్తుంది."

"ఇంక చాలు."

ఆయన స్విచ్చి నొక్కినాడు. ఆమె లోపలికి పోయి, ఎక్కడ ఆపిందో అక్కడినుంచి వడ్డించడం మొదలుపెట్టింది. అన్న డ్రైవరుకు ఆ గొంతు ఎవరిదో చెప్పినాడు. ఆయన దిగి, పందిరి వైపు చూసి చేతులు జోడించి బండెక్కినాడు. కంగారులో, వంకలోకి దిగే బండిదారికి తిప్పకుండా నేరుగా పడిపోయిన బ్రిడ్జి వైపు పోనిచ్చినాడు. అటు దారి లేదని మాలో ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు.

కాసేపటికి తిరిగి వచ్చింది ఆటో. జెండాలు విప్పేసినాడు. చప్పుడు లేకుండా, గుంతల్లో మెల్లిగా దిగి ఎక్కుతా, రెండు గొట్టాలు ఒకటి ముందుకు ఒకటి వెనక్కి నోరు తెరుచుకొని, మా ముందరగా పోయింది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలాయన లేచి, శవం దాటిపోయేటప్పుడు తీసినట్టు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయనను చూసి పక్కాయన తీసినాడు. ఆ వరసన మగవాళ్ళంతా గుడ్డలు తీసినారు. పాలన్న భార్య గడపలోకి వచ్చి నిలబడింది. ఆ బండి మలుపు తిరిగి పెద్ద రోడ్డు ఎక్కేదాకా వీధిలో ఎవరూ కూర్చోలేదు.